బృహన్నలను ట్రాన్స్ మహిళగా చదవవచ్చునా? విరాటపర్వం మీద ఒక సందేహం

మూసీగట్టు (నల్గొండ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. తెలుగు రెండవ సంవత్సరం చదువుతున్నాను. సెమినార్ కోసం, అజ్ఞాతవాసంలో అర్జునుడు విరాటుడి కొలువులో దాల్చిన రూపమైన బృహన్నల మీద ఒక పత్రం రాయబోయి, మొదటి పేరాలోనే చిక్కుపడి మీ ముందుకు వచ్చాను.

చిక్కు క్రియాపదం దగ్గర మొదలైంది. చిన్నప్పుడు దసరా నాడు పెద్దల చేతిలో జమ్మి బంగారం పెట్టి దండం పెట్టుకొని వచ్చాక, మా నాయనమ్మ అరుగు మీద కూర్చొని విరాటపర్వం కథ చెప్పేది. ఆమె కథలో "బృహన్నల రథం తోలింది, జమ్మిచెట్టు కాడికి వచ్చింది" అని ఉండేది. గాండీవం చేతికి రాగానే మాత్రం "అర్జునుడు విల్లు పట్టిండు" అని మారేది. ఇప్పుడు పత్రం రాస్తుంటే ప్రతి వాక్యం చివరా నేనూ ఆ సంగతి తేల్చుకోవలసి వస్తోంది. తిక్కనకు ఈ ఇబ్బంది ఇంతగా లేదు. ఆయన కాలపు "వచ్చెను", "పలికెను" వంటి రూపాలు ఆడవారికీ మగవారికీ ఒక్కటే. మన మాటలోనే "వచ్చిండు" అనో "వచ్చింది" అనో చెప్పక తప్పదు.

అర్జునుడంతటి పురుషవీరుడిని, ఆ ఒక్క ఏడాది మట్టుకైనా, వేషం వేసుకున్న మగవాడిగా గాక ట్రాన్స్ మహిళగా చదవవచ్చునన్నది నా వాదన. కంకుడు, వలలుడు, దామగ్రంథి, తంత్రీపాలుడు, సైరంధ్రి అన్న పేర్లతో ఉన్న మిగతా పాండవులు, ద్రౌపది అందరూ పేరునూ వృత్తినీ మార్చుకున్నవారే గాని శరీరం జోలికి పోలేదు. అర్జునుడి వెనుక మాత్రం నపుంసకుడివి కమ్మన్న ఊర్వశి శాపం ఉంది. పైగా సంస్కృత మూలంలో విరాటుడు ఆ కొత్త నాట్యాచార్యుడికి పుంస్త్వం (మగతనం) లేదని నిర్ధారణ చేసుకున్న తరువాతే కన్యాంతఃపురంలోకి పంపుతాడు. నాకు అన్నిటికంటే బలంగా కనిపించే ఆధారం, కౌరవులు విరాటుడి ఆవులను పట్టుకుపోవచ్చిన గోగ్రహణం నాటిది. పాండవుల గడువు అప్పటికే తీరిపోయిందని భీష్ముడే అధికమాసాలు లెక్కగట్టి దుర్యోధనుడికి చెబుతాడు. అయినా యుద్ధం గెలిచాక ఆయుధాలు మళ్లీ జమ్మిచెట్టు మీదికే చేరాయి, బృహన్నలే పగ్గాలు పట్టుకొని నగరానికి తిరిగి వచ్చింది, విరాటుడి కూతురు ఉత్తర తన బొమ్మల కోసం అడిగిన కౌరవుల రంగుబట్టలు ఆ పిల్ల చేతికి ఇచ్చింది. గడువు తీరినాక ఆ రూపంతో పని ఏమిటి?

మా గైడ్ ఇదంతా విని, శాపం శాపమే, వేషం వేషమే, లేనిది అంటగట్టవద్దు అన్నారు. ఈ వాదన నిలబడుతుందా, పెద్దలు చెప్పగలరు.

పాలమూరు పంతులు సమాధానం:

ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకు పద్యం చెప్పి రిటైరయినవాడిని కనుక, ముందు మీ వాదనలో చిల్లులు చూపించి, తరువాత దానిలో నాకు నచ్చినది చెబుతాను.

మొదటిది, ఊర్వశి శాపాన్ని పునాదిగా వేసుకోకండి. పూనాలోని భండార్కర్ సంస్థ సిద్ధం చేసిన సంశోధిత ప్రతిలో ఆ ఘట్టం ప్రధాన పాఠంలో లేదు, అనుబంధంలోకి వెళ్లింది. రెండవది, మీరు దాటవేసిన శ్లోకం ఒకటి ఉంది. జమ్మిచెట్టు కింద విరాటుడి కొడుకు ఉత్తరుడు ఆశ్చర్యపోయి, ఇంతటివాడికి ఈ రూపం ఏమిటని అడిగినప్పుడు, అన్నగారి ఆజ్ఞ మీద ఏడాది పాటు బ్రహ్మచర్య వ్రతం పట్టానని చెప్పి, అర్జునుడు స్పష్టంగా "నాస్మి క్లీబో మహాబాహో" అంటాడు. నేను క్లీబుడిని (నపుంసకుడిని) కాను అని ఆ పాత్ర తన నోటితో చెప్పిన మాటను పక్కన పెట్టి చదవాలంటే, ఎందుకు పెడుతున్నారో మీ పత్రంలో చెప్పి తీరాలి. మూడవది, గడువు తీరినా తిరిగి ఆ రూపం ఎందుకన్న మీ ప్రశ్నకు కథలోనే జవాబు ఉంది. పాండవులు తన ఇంట్లోనే ఉన్నారని ఒక్కసారిగా తెలిస్తే విరాటుడు భయపడిపోతాడని, అప్పుడే బయటపెట్టవద్దని అర్జునుడు ఉత్తరుడికి చెబుతాడు. ఇక కవచం తలకిందులుగా తొడుక్కొని అంతఃపుర స్త్రీలను నవ్వించిన ఘట్టం ఎటూ నటనే. అక్కడ నవ్వుతున్నది ఆడపిల్లలు, నవ్విస్తున్నది అర్జునుడు.

ద్రౌపదిని కూడా మరచిపోకండి. కీచకుడి చేత అవమానం పొంది భీముడి ముందు ఏడ్చిన రాత్రి, ఆమె చెప్పుకున్న దుఃఖాలలో అర్జునుడి జడ, చేతి గాజులు ఉన్నాయి. కట్టుకున్న మనిషి కంటికి అది నష్టంగానే కనబడింది.

ఇంత చెప్పి కూడా, చదవవచ్చునా అంటే చదవవచ్చుననే అంటాను. "కవి ఇలా ఉద్దేశించాడు" అనడం వేరు, "పాఠంలో ఇందుకు చోటు ఉంది" అనడం వేరు. మీరు రెండవది చెప్పండి. ఆ చోటు ఉన్నందుకే కదా మీ నాయనమ్మ చెట్టు దాకా "వచ్చింది" అన్నది. అన్నట్టు, స్త్రీత్వాన్ని కోరి నిలుపుకున్న పురుషుడే కావాలంటే అనుశాసనపర్వంలో భంగాస్వనుడు ఉన్నాడు. ఇంద్రుడి మాయ వల్ల కొలనులో మునిగి స్త్రీగా మారిన ఆ రాజును, చివరికి ఇంద్రుడే ప్రసన్నుడై మళ్లీ మగవాడిని చేస్తానంటే, స్త్రీగానే ఉంటానన్నాడు. మన సెమినార్లలో ఆ కథ జోలికి వెళ్లినవారిని నేను చూడలేదు.

జోగులాంబ సీమ సమాధానం:

పంతులు గారి ఓపికకు నమస్కారం. ట్రాన్స్ మహిళ అన్న మాట నిన్నమొన్నటిది. దానిని ద్వాపరయుగం వారికి తగిలించడం, కాకతీయుల శాసనంలో సెల్‌ఫోన్ నంబరు వెతికినట్టు ఉంటుంది. నా అభ్యంతరం ఇంతే.

డిండి వాగు (దేవరకొండ) సమాధానం:

పై వారికి ముందు ఒక మాట. మాట కొత్తదే, మనుషులు కొత్తవారు కారు. "తృతీయా ప్రకృతి" అని సంస్కృతంలో, "పేడి" అని తెలుగులో ఆనాడే పేర్లు పెట్టి ఉంచారంటే, ఎదురుగా కనబడుతున్న మనుషులకే పెట్టారు కదా. మన జాతరలలో చీర కట్టి, పసుపు పూసుకొని, పూనకంతో ఊగే శివసత్తులలో మావాళ్లను మీరూ చూసే ఉంటారు.

తమ్ముడూ, నేను ట్రాన్స్ మహిళను. బృహన్నల నాకు చిన్ననాటి నుంచీ తెలుసు. మా ఊరి భాగోతంలో ఆ వేషం వచ్చినప్పుడు అందరూ నవ్వుతుంటే, నవ్వకుండా చూసినదాన్ని నేనొక్కదాన్నే అనుకుంటాను. అయినా మీ వాదన చదివి సంతోషంతో పాటు కొంత నొప్పి కూడా కలిగింది.

విరాటుడు చేయించిన పరీక్షను మీరు మీ పక్షానికి బలమని పెట్టుకున్నారు. నాకు ఆ పర్వం మొత్తంలో చదవబుద్ధి కానిది అదే. ఒక మనిషి నేను ఫలానా అని చెబితే సరిపోక, ఒంటిని చూసి నిర్ధారించుకున్నాకే లోపలికి రానిచ్చారు. లింగం ఏమిటో తేల్చుకోవలసింది ఆ మనిషేనని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. విరాటుడి పరీక్ష ఆధారంగా బృహన్నలను ట్రాన్స్ మహిళ అంటే, ఆ తీర్పు వద్దన్న దారిలోనే మీరు నడిచినట్టు అవుతుంది. ఆ ఆధారం తీసేయండి.

"నాస్మి క్లీబో" అన్న మాట సంగతి. పంతులు గారు చెప్పింది నిజమే, ఆ మాట ఉంది. కానీ అది ఎవరితో, ఎప్పుడు అన్నాడో కూడా చూడాలి. ఎదుట కౌరవసేన, పక్కన రథం దూకి పారిపోబోయిన పిల్లవాడు. వాడికి ఆ క్షణాన కావలసింది ఒక మగ వీరుడు. ఇంటి ముందు గొడవ జరిగిన రోజున, మా తమ్ముడికి ధైర్యం చెప్పడానికి, నేను కూడా "నాకేమీ కాలేదు, నేను మీ అన్ననే" అన్నాను. ఆ మాటను ఎవరైనా రాసి ఉంచితే, నా మీద కూడా ఒక పంతులు గారు అదే శ్లోకం చదువుతారు. తప్పుగా అనుకోవద్దు సార్.

అయితే నా అసలు భయం వేరే ఉంది. ఈ కథ చివరికి "చీర కింద ఉన్నది మగవాడే" అని తేలుస్తుంది. బస్టాండులో, అద్దె ఇంటి గుమ్మంలో మేము వినే మాట అదే. కనుక బృహన్నలను మా మనిషి అనుకున్నప్పుడల్లా, అర్జునుడు బయటికి వచ్చి ఆమెను అబద్ధం చేసి పోతాడు. ఉత్తర పెళ్లి ఘట్టం చూడండి. ఏడాది పొడుగునా బృహన్నల అంతఃపురంలో ఉంటే ఎవరికీ సందేహం రాలేదు. అర్జునుడని తెలిసిన మరుక్షణం ఆ ఏడాదికంతా అనుమానం అంటింది. విరాటుడు పిల్లనిస్తానంటే, తాను గురువుగా, తండ్రిలా ఉన్నానని చెప్పి, ఆమె మీద నింద రాకుండా అభిమన్యుడికి చేసుకోవలసి వచ్చింది. ఆ పిల్లకు బృహన్నల మీద ఉన్న నమ్మకంలో మాత్రం మొదటినుంచీ లోటు లేదు. మీ పత్రాన్ని అర్జునుడి ఒంటి మీద గాక ఉత్తర చూపు మీద నిలబెడితే బాగుంటుందని నాకు అనిపిస్తుంది.

ఇంకొక సంగతి, మీ గైడ్ గారికి పనికి వస్తుంది. నిజాం కాలంలో, 1919 నాటి చట్టం ఒకటి మన దగ్గర ఉండేది. రిజిస్టరుకెక్కిన "నపుంసకులు" ఆడవేషంలో, నగలతో వీధిలో కనబడినా, బహిరంగంగా ఆడినా పాడినా, వారెంటు లేకుండా పట్టుకొని రెండేళ్ల వరకు జైలులో పెట్టవచ్చు. తెలంగాణ హైకోర్టు దానిని 2023 జూలైలో కొట్టివేసింది. నాట్యం నేర్పి బతికిన బృహన్నలకు విరాటుడి కొలువులో దొరికిన జీతం, ఆ చట్టం ఉన్న నేల మీద నేరమయ్యేది.

మూసీగట్టు:

పంతులు గారికి, అక్కకు నమస్కారాలు. విరాటుడి పరీక్ష, ఊర్వశి శాపం రెండూ తీసేశాను. "నాస్మి క్లీబో" శ్లోకాన్ని పత్రం మొదటనే పెట్టి, అది ఎవరితో అన్న మాట అన్న ప్రశ్నతో మొదలుపెడుతున్నాను. భంగాస్వనుడిని మరో పత్రానికి దాచుకున్నాను.

నిన్న రాత్రి నాయనమ్మకు ఫోన్ చేసి కథ మళ్లీ చెప్పించుకున్నాను. యుద్ధం అయిపోయిన చోట "బృహన్నల తిరిగొచ్చింది, పిల్లకు బట్టలిచ్చింది" అనే చెప్పింది. పెళ్లి మాట దగ్గర "అర్జునుడు వద్దన్నడు, కొడుక్కు అడిగిండు" అన్నది. మధ్యలో ఎందుకు మారిందని అడిగితే, "నేనేం మార్చిన? వాళ్లిద్దరు కదా" అని, అన్నం తిన్నావా అని అడిగింది.