రెండు ఊళ్ల నుంచి వాడే యాక్సెస్ డేటాబేస్: సర్వర్‌కు మార్చినవారి అనుభవాలు కావాలి

తూకంచీటీ (చిత్తూరు)

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కల విభాగం చూస్తున్నాను. రైతుల వివరాలు, వేబ్రిడ్జి తూకం చీటీలు, ఏ రోజుకు ఆ రోజు ధర, కాయ రకం, కోత మినహాయింపు, చెల్లింపులు అన్నీ ఏళ్ల తరబడి ఒకే యాక్సెస్ (మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌లోని డేటాబేస్ ప్రోగ్రాము) ఫైల్లో నడుస్తున్నాయి. ఆ ఫైలు ఆఫీసులోని ఒక కంప్యూటర్‌లో షేర్డ్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఫ్యాక్టరీలో నలుగురైదుగురు ఒకేసారి తెరుస్తారు. తిరుపతి ఆఫీసు వారు కూడా వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి కలిపే భద్రమైన దారి) ద్వారా దాన్నే తెరవడం మొదలుపెట్టినప్పటి నుంచి ఫారాలు చాలా నెమ్మదించాయి, అప్పుడప్పుడు డేటాబేస్ ఫార్మాట్ గుర్తించలేకపోతున్నామనే సందేశం వస్తోంది. ఫైలు పరిమాణం కూడా 1 జీబీ దాటింది.

మా దగ్గర ఉన్నది ఆఫీస్ 2016. దానికి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక యాజమాన్యం కొత్త కంప్యూటర్లకు, కొత్త ఆఫీస్‌కు ఒప్పుకుంది. తోతాపురి లోడ్లు జూన్, జూలై నెలల్లో రాత్రింబవళ్లు వస్తాయి కాబట్టి మార్పు ఏదైనా ఆలోపే పూర్తి కావాలి. ఆపరేటర్లకు అలవాటైన ఫారాలు మారకూడదన్నది ఒక్కటే నా షరతు. ఇటువంటి మార్పు చేసినవారు ఏది ముందు చేశారో, ఏది తర్వాత చేశారో చెప్పగలరా?

ఓడీబీసీ (తిరుపతి)

తూకంచీటీ గారూ, మీరు చెప్పిన నెమ్మదితనానికి, ఫైలు చెడిపోవడానికి మూలం ఒకటే. యాక్సెస్‌లో డేటాబేస్ ఇంజిన్ సర్వర్‌లో పనిచేయదు, ప్రతి వినియోగదారుడి కంప్యూటర్‌లోనే పనిచేస్తుంది. మీ తిరుపతి ఆఫీసులో ఒక రైతు ఖాతా వెదికితే, ఆ ఇండెక్స్ (వెదుకులాటకు వాడే సూచిక) పేజీలు, డేటా పేజీలు వీపీఎన్ మీదుగా తిరుపతికి వచ్చాకే వెదుకులాట జరుగుతుంది. పేజీ రాస్తుండగా లైను తెగిందంటే సగం రాసిన పేజీ ఫైల్లో మిగిలిపోతుంది. ఒకే గదిలో తీగతో కలిపిన నెట్‌వర్క్ మీద ఇది బాగా నడుస్తుంది. వైఫై మీదే నాకు నమ్మకం లేదు, ఇక వీపీఎన్ సంగతి చెప్పనక్కర లేదు. ఒకేసారి 255 మంది వాడవచ్చన్నది కాగితం మీది పరిమితి. అసలు పట్టించుకోవలసింది ఫైలుకు ఉన్న 2 జీబీ హద్దు. రైతుల పాసుపుస్తకాల స్కాన్ చిత్రాలు అటాచ్‌మెంట్లుగా పెట్టి ఉంటే ముందు వాటిని ఫోల్డర్‌లోకి మార్చి, టేబుల్‌లో ఆ ఫైలు ఎక్కడుందో తెలిపే దారి మాత్రమే ఉంచండి.

నేనైతే ఈ వరుసలో వెళతాను. మొదట నకలు తీసి, నకలు మీద కాంపాక్ట్ అండ్ రిపేర్ (ఫైలును కుదించి సరిచేసే యాక్సెస్ ఆదేశం) నడపాలి. తర్వాత ఫైలును రెండుగా విడదీయాలి: టేబుళ్లు ఒక ఫైల్లో, ఫారాలు, క్వెరీలు (డేటాను తీసే, మార్చే ఆదేశాలు), రిపోర్టులు ఇంకో ఫైల్లో ఉండాలి, రెండోది ప్రతి కంప్యూటర్‌లోనూ విడిగా ఉండాలి. ఈ విభజన ఒక్కదానితోనే సగం ఇబ్బంది తీరుతుంది, ఆపరేటర్లకు తేడా తెలియదు. ఆ తర్వాత టేబుళ్లను మాత్రమే సర్వర్ డేటాబేస్‌లోకి పంపి, అవే ఫారాలను లింక్డ్ టేబుళ్లకు (సర్వర్‌లోని టేబుళ్లను యాక్సెస్‌లో చూపే లంకెలకు) కలపాలి.

సర్వర్‌గా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితం. 2022 వెర్షన్ వరకు ఒక్కో డేటాబేస్‌కు 10 జీబీ పరిమితి ఉండేది, 2025 వెర్షన్‌లో అది 50 జీబీ అయింది. మీ అవసరానికి ఏదైనా చాలు. టేబుళ్లను తరలించడానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఎస్‌ఎస్‌ఎంఏ అనే సాధనం కూడా ఉచితమే. అయితే అది చేసిన పనిని మూడు చోట్ల చేత్తో సరిచూసుకోవాలి. తెలుగు రాసే కాలమ్‌లన్నీ ఎన్‌వార్‌క్యార్‌గా (అన్ని భాషల అక్షరాలూ పట్టే రకంగా) మారాయో లేదో చూడాలి, వార్‌క్యార్‌గా మిగిలితే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలే కనిపించే ప్రమాదం ఉంది. అవును, కాదు అనే కాలమ్‌లలో ఖాళీ విలువ ఉండకుండా సున్నాను డిఫాల్ట్‌గా పెట్టాలి. ప్రతి టేబుల్‌కూ ఒక రోవర్షన్ (రికార్డు మారినప్పుడల్లా దానంతట అదే మారే సంఖ్య) కాలమ్ చేర్చాలి. చివరి రెండూ చేయకపోతే, ఇంకెవరూ ముట్టని రికార్డును సేవ్ చేస్తున్నా వేరొకరు మార్చారని యాక్సెస్ అడ్డం తిరుగుతుంది, ఆపరేటరు కంగారు పడతాడు.

ఇంకొక మాట. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (పనులను సమయానికి నడిపే భాగం) ఉండదు కాబట్టి రాత్రి బ్యాకప్ దానంతట అది జరగదు. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఒక ఆదేశం పెట్టుకోవలసిందే.

పాతనోట్స్ (శ్రీసిటీ)

మా యూనిట్ మాతృసంస్థ ఇప్పటికీ నోట్స్, డామినో (ఈమెయిలు, పత్రాల డేటాబేస్‌ల సాఫ్ట్‌వేర్, దాని సర్వర్) వాడుతుంది కనుక రెండు ఊళ్ల సమస్యకు అక్కడ ఉన్న పరిష్కారాన్ని చెబుతాను. లోటస్ నోట్స్ 1989లో వచ్చినప్పటి నుంచీ దాని ప్రాణం రెప్లికేషన్‌లోనే ఉంది. ప్రతి ఊళ్లో డేటాబేస్‌కు ఒక ప్రతి ఉంటుంది, లైను ఉన్నప్పుడు రెండు ప్రతులూ మార్పులను ఇచ్చిపుచ్చుకుంటాయి, లైను లేకపోయినా పని ఆగదు. ఒకే పత్రాన్ని ఇద్దరు రెండు చోట్ల మారిస్తే అది రెప్లికేషన్ కాన్‌ఫ్లిక్ట్‌గా విడిగా కనబడుతుంది, ఏది ఉంచాలో మనిషి తేల్చాలి. లోటస్‌ను 1995లో ఐబీఎమ్ కొన్నది, 2019లో ఈ సాఫ్ట్‌వేర్ హెచ్‌సీఎల్ చేతికి వచ్చింది. 2023 డిసెంబరులో వెలువడిన 14వ వెర్షన్‌తో లోపలి జావా 17కు మారింది, నోట్స్ క్లయింట్ 64 బిట్‌లోనే వస్తోంది.

గుజ్జు ఫ్యాక్టరీకి దాన్ని కొనమని నేను చెప్పను. తూకం చీటీ వంటి లెక్కల పట్టికలకు అది పుట్టలేదు, ఆమోదాలు, ఉత్తరప్రత్యుత్తరాలు, పత్రాల ప్రవాహానికి పుట్టింది. కానీ నవీకరణల విషయంలో అక్కడి ఒక పద్ధతి ఎవరికైనా పనికొస్తుంది. నోట్స్‌లో డిజైన్‌కు మూలం ఒక టెంప్లేట్ ఫైలు. దానితో ముడిపడిన డేటాబేస్‌లలోకి టెంప్లేట్‌లోని మార్పులను డిజైన్ టాస్క్ తెచ్చిపెడుతుంది, సాధారణ అమరికలో అది రాత్రి 1 గంటకు నడుస్తుంది. ఎవరైనా తొందరలో వాడుకలో ఉన్న డేటాబేస్ ఫారాన్నే నేరుగా దిద్దితే, తెల్లవారేసరికి ఆ దిద్దుబాటు మాయమై పాత ఫారం తిరిగి వచ్చి ఉంటుంది. కొత్తగా చేరినవారు దీన్ని లోపమనుకుంటారు, నేను మాత్రం క్రమశిక్షణ అంటాను. మీ యాక్సెస్ ఫారాల ఫైలుకు కూడా సర్వర్‌లో ఒక మూల ప్రతి ఉంచి, ఉదయం కంప్యూటర్ తెరిచినప్పుడు కొత్త వెర్షన్ ఉంటే దానంతట అదే దిగేలా చిన్న బ్యాచ్ ఫైలు రాసుకోండి. ఎవరి కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందన్న తగువు ఉండదు.

తూకంచీటీ (చిత్తూరు)

ఇద్దరికీ కృతజ్ఞతలు. రెండు సందేహాలు మిగిలాయి. కొత్త ఆఫీస్ 64 బిట్‌లో వస్తే మా పాత కోడ్ నడుస్తుందా? వేబ్రిడ్జి ఇండికేటర్ నుంచి బరువు సీరియల్ పోర్టు ద్వారా నేరుగా ఫారంలోకి వస్తుంది. రెండోది, రైతుల పేర్లలో పాతవన్నీ అను ఫాంట్లలో టైపు చేసినవి, కొత్తవి యూనికోడ్‌లో ఉన్నాయి. వాటిని ఎలా మార్చాలి?

ఓడీబీసీ (తిరుపతి)

మొదటిది నేను చెబుతాను. కోడ్‌లో విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ వాక్యాలు ఉంటే వాటికి పీటీఆర్‌సేఫ్ (64 బిట్‌లో నడవడానికి కావలసిన పదం) చేర్చాలి, అది పెద్ద పని కాదు. సీరియల్ పోర్టు కోసం ఎంఎస్‌కామ్ అనే పాత కంట్రోల్ వాడి ఉంటే మాత్రం అది 32 బిట్‌లోనే పనిచేస్తుంది. వేబ్రిడ్జి గది కంప్యూటర్‌లో 32 బిట్ ఆఫీస్ ఎంచుకుని ఇన్‌స్టాల్ చేయించండి, తక్కినవాటిలో 64 ఉన్నా ఫర్వాలేదు. ఏ కంప్యూటర్‌లో ఏ ఆఫీస్ ఉంటే అక్కడ అదే బిట్ ఓడీబీసీ డ్రైవర్ (యాక్సెస్‌ను సర్వర్‌తో కలిపే సాఫ్ట్‌వేర్) ఉండాలి. విండోస్‌లో 64 బిట్ ఓడీబీసీ ప్యానెల్ సిస్టమ్32 ఫోల్డర్‌లోనూ, 32 బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్‌లోనూ ఉంటుంది. పేర్లు చూసి తారుమారుగా అనుకోని వారిని నేను చూడలేదు.

కొనేటప్పుడు ఆఫీస్ 2021 చవకగా దొరుకుతోందని తీసుకోవద్దు. దాని మద్దతు 2026 అక్టోబరు 13 వరకే.

కలంకారీ_లెక్కలు (శ్రీకాళహస్తి)

రెండో సందేహం మా దుకాణంలో ఎదురైనదే. అను ఫాంటులో టైపు చేసిన పేరు కంప్యూటర్ లెక్కలో తెలుగు కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలను బొమ్మలుగా పెట్టి చూపించడమే ఆ ఫాంటు పని. ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేది అందుకే. సర్వర్‌కు తరలించిన తర్వాత మారుద్దామనుకోకండి, తరలించే ముందే మార్చండి. ఎందుకంటే మారిన పేరును పాత ఫాంటు ఉన్న కంప్యూటర్‌లో పక్కపక్కన పెట్టి చూసే అవకాశం అప్పుడే ఉంటుంది. మార్పిడి సాధనంలో ఫాంటు వెర్షన్ సరిగ్గా ఎంచుకోవాలి; వత్తులు, గుణింతాలు కలిసే చోట తప్పులు ఎక్కువ కనుక క్ష, జ్ఞ, ర వత్తు ఉన్న పేర్లను విడిగా తీసి మనిషి చేత చదివించాలి. పాత కాలమ్‌ను తీసివేయక, దాని పక్కనే కొత్త కాలమ్ పెట్టి నింపండి.

యూనికోడ్‌లో ఉన్నవి కూడా అన్నీ ఒకేలా ఉండవు. రాజ్‌కుమార్ అనే పేరులో పొల్లు విడిగా కనిపించడానికి కొందరు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరాన్ని టైపు చేస్తారు, కొందరు చేయరు. డేటాబేస్‌కు అవి రెండు వేర్వేరు పేర్లు. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వానికి మరో గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. తెర మీద తేడా ఉండదు, వెదికితే దొరకదు. ఒకే రైతుకు రెండు ఖాతాలు ఏర్పడటానికి ఇది చాలు. అందుకే వెదకడానికి పేరు మీద ఆధారపడక ఖాతా సంఖ్య వాడటం మేలని నా అభిప్రాయం.

ఏనుగుబొమ్మ (రేణిగుంట)

పై పోస్టులోని ఐత్వం సమస్యకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే ఉచిత డేటాబేస్ సర్వర్‌లో 13వ వెర్షన్ నుంచి నార్మలైజ్ అనే ఫంక్షన్ ఉంది, రెండు రూపాలనూ ఒకటి చేస్తుంది. కనిపించని అక్షరాన్ని మాత్రం అది తీయదు, విడిగా రిప్లేస్ చేయాలి. మేము యాక్సెస్ ఫారాలను ఉంచుకుని టేబుళ్లను పోస్ట్‌గ్రెస్‌కు మార్చాము. పరిమాణ పరిమితి గొడవ లేదు, లైసెన్సు ఖర్చు లేదు. ఓడీబీసీ డ్రైవర్ సెట్టింగుల్లో బూల్స్ యాజ్ క్యార్ అనే గుర్తు తీసేసి, ట్రూ విలువను మైనస్ 1గా ఎంచుకుంటే యాక్సెస్ చెక్‌బాక్సులు సరిగా పనిచేస్తాయి.

నవీకరణల లెక్క కూడా ఇందులో తేటగా ఉంటుంది. ఏటా ఒక పెద్ద వెర్షన్ వస్తుంది, ఒక్కోదానికి ఐదేళ్ల మద్దతు ఉంటుంది. ఒకే పెద్ద వెర్షన్ లోపలి చిన్న నవీకరణలకు ప్రోగ్రామును మార్చి రీస్టార్ట్ చేస్తే చాలు, డేటాను ముట్టుకోనక్కర లేదు. పెద్ద వెర్షన్ మారేటప్పుడు మాత్రం పీజీ అప్‌గ్రేడ్ అనే సాధనం గానీ, డేటాను బయటికి తీసి మళ్లీ ఎక్కించే డంప్ గానీ తప్పదు. అయితే డేటాబేస్‌ను కదిలించకుండా కింద ఉన్న లినక్స్‌ను మాత్రమే మార్చినా ప్రమాదం ఉంటుందని చాలామందికి తెలియదు. లినక్స్ మూల లైబ్రరీ అయిన గ్లిబ్‌సీ 2.28లో అక్షరాల వరుస నియమాలు మారాయి. పాత వరుసలో కట్టిన ఇండెక్స్‌ను కొత్త వరుసతో చదివితే, ఉన్న రికార్డే లేదని చెబుతుంది, లేదనుకుని రెండోసారి ఎక్కించుకుంటుంది కూడా. లినక్స్ పెద్ద వెర్షన్ మార్చిన రోజే టెక్స్ట్ కాలమ్‌ల ఇండెక్స్‌లన్నిటికీ రీఇండెక్స్ (ఇండెక్స్‌ను మళ్లీ కట్టే ఆదేశం) నడపాలి. ఎస్‌క్యూఎల్ సర్వరా, పోస్ట్‌గ్రెసా అన్నది మీ ఊళ్లో అత్యవసరానికి ఎవరు దొరుకుతారన్న దాన్ని బట్టి తేల్చుకోండి.

కొండదారి (తిరుపతి)

మాది ట్రావెల్స్. బండ్ల బుకింగులకు గూగుల్ షీట్స్ చాలింది, ఎవరు ఏ గడి మార్చారో చరిత్రలో కనిపిస్తుంది. ఒక ఫైలుకు కోటి గడుల పరిమితి మాకు ఎన్నడూ అడ్డు రాలేదు. కానీ చెల్లింపుల లెక్కకు నేను దాన్ని సూచించను. రైతుల పట్టికలో లేని ఖాతా సంఖ్య చీటీల పట్టికలో ఎక్కకుండా ఆపే గట్టి కట్టడి అందులో ఉండదు.

ఓడీబీసీ (తిరుపతి)

సీజను మాట వచ్చింది కనుక నవీకరణల సంగతి ఇంకొంచెం చెబుతాను. 2019 నవంబరు 12న వచ్చిన ఆఫీస్ భద్రతా నవీకరణల తర్వాత యాక్సెస్‌లో కొన్ని సాధారణ అప్‌డేట్ క్వెరీలు, క్వెరీ పాడైందన్న 3340 దోషంతో ఆగిపోయాయి. మైక్రోసాఫ్ట్ దాన్ని అంగీకరించి తర్వాతి వారాల్లో వెర్షన్ల వారీగా సవరణలు ఇచ్చింది. ఈలోపు టేబుల్‌ను నేరుగా కాక, ఆ టేబుల్ మీద రాసిన సెలెక్ట్ క్వెరీని అప్‌డేట్ చేయడమే తాత్కాలిక మార్గమైంది. అటువంటిది జూన్ నెలాఖరున వస్తే లారీలు గేటు బయట నిలబడిపోతాయి. అలాగని నవీకరణలు పూర్తిగా ఆపేయడం నాకు సమ్మతం కాదు. లోడ్లు లేని ఒక కంప్యూటర్‌కు ముందు వదిలి, చీటీ, ధర మార్పు, చెల్లింపు రిపోర్టు మూడూ నడిచాయని చూసిన తర్వాతే వేబ్రిడ్జి గదికి పంపండి.

స్వర్ణముఖి (గూడూరు)

తరలింపులో ఉన్నప్పుడే జిల్లా కాలమ్‌ను కూడా సరిచేయండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు చంద్రగిరి, శ్రీకాళహస్తి, సత్యవేడు ప్రాంతాలు చిత్తూరు నుంచీ, మా గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి నెల్లూరు నుంచీ వచ్చాయి. చాలా డేటాబేస్‌లలో జిల్లా పేరును ప్రతి చీటీలోనూ రాసి పెట్టారు. దాన్ని తుడిచి కొత్త పేరు రాస్తే 2021 నాటి రిపోర్టు అప్పటి కాగితాలతో సరిపోదు. గ్రామానికి ఒక కోడ్, గ్రామం ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ జిల్లాలో ఉందో చెప్పే చిన్న టేబుల్ ఉంటే, హద్దులు మళ్లీ మారినా చీటీలను ముట్టుకోనక్కర లేదు.

తూకంచీటీ (చిత్తూరు)

ఫైలు విభజన, పేర్ల మార్పిడి ముందు చేసి, మే మొదటి వారంలోగా టేబుళ్లను ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్‌కు పంపాలని నిర్ణయించాము. చిత్తూరులో దాన్ని చూసే మనిషి దొరికారు. ఒక్క ప్రశ్న మిగిలింది. సర్వర్ ఫ్యాక్టరీలో ఉంటే తిరుపతి ఆఫీసు లింక్డ్ టేబుళ్లతోనే నేరుగా పనిచేయవచ్చా?

ఓడీబీసీ (తిరుపతి)

చేయవచ్చు, కాకపోతే ఫారం తెరవగానే టేబుల్ మొత్తాన్ని చూపించే అలవాటు మానాలి. ముందు ఖాతా సంఖ్య అడిగి, ఆ ఒక్క రైతు చీటీలనే తెచ్చేలా ఫారం మార్చండి. పెద్ద రిపోర్టులకు సర్వర్‌లో వ్యూ (అక్కడే దాచిన క్వెరీ) గానీ పాస్ త్రూ క్వెరీ (సర్వర్‌కే నేరుగా పంపే క్వెరీ) గానీ రాస్తే లెక్కింపు అక్కడే జరిగి ఫలితం మాత్రమే వస్తుంది. ఆ రెండూ చేసినా తిరుపతి లైను తరచూ తెగుతుంటే, అక్కడి వారికి ఫ్యాక్టరీలోని ఒక కంప్యూటర్‌కు రిమోట్ డెస్క్‌టాప్ వీపీఎన్ లోపల మాత్రమే ఇవ్వండి, ఆ పోర్టును ఇంటర్నెట్‌కు నేరుగా తెరవవద్దు. అప్పుడు వీపీఎన్ మీద నడిచేది తెర బొమ్మ మాత్రమే. లైను తెగినా వారి సెషన్ ఫ్యాక్టరీ కంప్యూటర్‌లో అలాగే ఉంటుంది, మళ్లీ కలిస్తే సగం నింపిన ఫారం అక్కడే కనిపిస్తుంది.