వియన్నా, బుడాపెస్ట్‌లో ఒకటి చూస్తే చాలా?

ప్రశ్న: నాలుగు రోజులే ఉన్నాయండి, రెండూ డాన్యూబ్ ఒడ్డునే, ఒకే రాజు ఏలినవే కదా, ఒకటి చూస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండి. బుడాని (ఇప్పటి బుడాపెస్ట్‌లో ఒక భాగం) 1541 నుంచి 1686 దాకా టర్కీవాళ్లు ఏలారు, వాళ్ల నాటి వేడినీళ్ల స్నానశాలలు ఇంకా నడుస్తున్నాయి, రుదాశ్ అనే స్నానశాలలో గుమ్మటం కింద ఎనిమిది మూలల తొట్టిలో కూర్చుంటే పైన చిన్న కన్నాల్లోంచి వెలుతురు పడుతుంటుంది, లేవబుద్ధి కాదు. వియన్నాని మాత్రం 1529లో, 1683లో ముట్టడించినా పట్టుకోలేకపోయారు.

జవాబు: వియన్నా కోటగోడ పడగొట్టమని 1857లో చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఆర్డరేశాడు, ఆ జాగాలోనే రింగ్ రోడ్డు వచ్చింది. ట్రామెక్కి చూడండి.

జవాబు: బుడాపెస్ట్ 1873లో మూడు ఊళ్లు కలిపిన సిటీ. సోవియట్ పెత్తనం మీద 1956లో జరిగిన తిరుగుబాటు నాటి తూటాల గుంతలు కొన్ని గోడల మీద ఇంకా ఉన్నాయి, వేలు పెట్టి చూశా, చాలా బాధేసింది. రైల్లో మూడు గంటల్లోపే, రెండూ చూసేయండి.