ఒకినావాకి వస్తున్న ఫొటోగ్రాఫర్ తమ్ముడికి

అందరికీ నమస్కారం. మా ఆవిడకి జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవిలో, ఒన్నా గ్రామంలో ఉన్న సైన్స్ యూనివర్సిటీలో పరిశోధన ఉద్యోగం వచ్చింది. ఏప్రిల్‌లో ఇద్దరం దిగుతున్నాం. నేను తెనాలిలో 9 ఏళ్లుగా పెళ్లి ఫొటోలు తీస్తున్నాను. అక్కడ ఈ పని సాగుతుందా? నా దగ్గర రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, ఫ్లాష్‌లు, ఒక డ్రోన్ ఉన్నాయి. ఏవి తెచ్చుకోవాలి, ఏవి అమ్మేయాలి? జపనీస్ ఒక్క ముక్క రాదు. అదే పెద్ద టెన్షన్. అక్కడున్న పెద్దలెవరైనా చెప్పగలరు.

నాహా (ఒకినావా ముఖ్య పట్టణం) నుంచి జవాబు

తమ్ముడూ, వయసులో చిన్నవాడివని నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. మాది భీమవరం. ఈ దీవికి వచ్చి 12 ఏళ్లయింది. అప్పటి నుంచి కెమెరాతోనే ఇల్లు గడుస్తోంది. కాబట్టి సాగుతుందా అన్న ప్రశ్నకి సాగుతుందనే నా జవాబు. అయితే తెనాలిలో సాగినట్టు సాగదు.

ముందు సామాను సంగతి. డ్రోన్ అక్కడే అమ్మేసి రా. 2022 జూన్ నుంచి ఇక్కడ 100 గ్రాములు, ఆపైన బరువున్న ప్రతి డ్రోన్‌నీ రిజిస్టర్ చేయించాలి. 150 మీటర్ల ఎత్తు దాటాలన్నా, జనం ఎక్కువున్న చోట ఎగరేయాలన్నా, విమానాశ్రయం దగ్గరన్నా అనుమతి కావాలి. పైగా ఈ దీవిలో దాదాపు 15 శాతం నేల అమెరికా సైనిక స్థావరాల కింద ఉంది. వాటి మీదా, చుట్టుపక్కలా ఎగరేయడం నేరం. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రేడియో తరంగాలు పంపే పరికరాలకి మామూలుగా ఇక్కడ 'గితెకి' అనే ముద్ర ఉండాలి. మన దగ్గర కొన్న డ్రోన్లకీ ఫ్లాష్ ట్రిగ్గర్లకీ చాలావాటికి అది ఉండదు. ట్రిగ్గర్లు ఇక్కడే కొనుక్కో. కెమెరాలు, లెన్సులు అన్నీ తెచ్చుకో.

తెచ్చాక వాటిని కాపాడుకోవడమే అసలు పని. మాదీ సముద్రం దగ్గరి ఊరే, ఉక్కపోత నాకు కొత్తా అనుకున్నాను. ఇక్కడి తేమ వేరు. దీవి 100 కిలోమీటర్ల పైచిలుకు పొడవున్నా అడ్డంగా కొన్నిచోట్ల 4 కిలోమీటర్లే. ఎటు నుంచి గాలి వీచినా ఉప్పు మోసుకొస్తుంది. మే మొదట్లో వానలు మొదలై జూన్ చివరిదాకా ఉంటాయి. నేను వచ్చిన మొదటి ఏడాది ఆ వానల్లో 85 ఎంఎం లెన్సుని బ్యాగులో పెట్టి, బ్యాగుని బీరువాలో పెట్టాను. ఆగస్టులో తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తే, గాజు లోపల అంచు నుంచి మధ్యకి సన్నని తెల్లటి పోగులు పాకి ఉన్నాయి, తడిసిన గోడ మీద బూజులాగా. అది మా నాన్నగారు కొనిచ్చిన లెన్సు. శుభ్రం చేయించినా ఆ మచ్చ పూర్తిగా పోలేదు. తేమని 40, 50 శాతం మధ్య ఉంచే కరెంటు పెట్టె ఒకటి ఇక్కడ దొరుకుతుంది, 'బోషిత్సుకో' అంటారు. మంచం కొనేముందు అది కొనుక్కో. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బయటికి తీయకు, అద్దం మీద ఆవిరి కమ్మేస్తుంది. జిప్పు మూసిన బ్యాగులో అరగంట బయట ఉంచి అప్పుడు తియ్యి. బీచ్ నుంచి వచ్చిన రోజు ఎంత అలసిపోయినా సరే, మంచినీళ్లతో తడిపి గట్టిగా పిండిన బట్టతో కెమెరా తుడిచి, ట్రైపాడ్ కాళ్లు కడిగి పడుకో.

ఇక పని. జపాన్‌లోని మిగతా ఊళ్ల నుంచి జంటలు ఇక్కడికి పెళ్లికి, పెళ్లి ఫొటోలకి వస్తారు. ఒన్నా తీరం పొడవునా సముద్రానికి ఎదురుగా పెళ్లిళ్లు జరిగే చిన్న చిన్న చాపెల్స్, అంటే చర్చిలాంటి మందిరాలు, ఉన్నాయి. పెళ్లిళ్లు చేయించే కంపెనీలు ఫొటోగ్రాఫర్లని రోజు లెక్కన పిలుస్తాయి. మన పెళ్లిలో రెండు రోజులు తిరిగి, జీలకర్ర బెల్లం పెట్టే ఒక్క క్షణం కోసం కాచుకుంటాం కదా. ఇక్కడ అంతా రెండు మూడు గంటల్లో, నిమిషాల లెక్కతో అయిపోతుంది. 10 నిమిషాలు ముందు వెళ్తేనే సమయానికి వెళ్లినట్టు.

వెలుతురు విషయంలో నీ అలవాటు మార్చుకోవాలి. మనం సాయంత్రపు ఎండ కోసం చూస్తాం. ఇక్కడ జంటలు అడిగేది ఆ పచ్చనీలం నీళ్లు. ఆ రంగు సూర్యుడు నడినెత్తిన, సముద్రం పోటు మీద ఉన్నప్పుడే వస్తుంది. ఆటుకి నీళ్లు వెనక్కిపోతే పగడపు రాళ్లు, నాచు బయటపడతాయి. అందుకని బుకింగ్ తీసుకునేముందు ఆటుపోట్ల పట్టిక చూడు. నడిమధ్యాహ్నం కళ్లకింద నీడలు పడతాయన్న భయం వద్దు. ఇక్కడి తెల్లని పగడపు ఇసుకే కింద నుంచి వెలుతురు ఎగజిమ్ముతుంది. మనుషుల్ని సరైన చోట నిలబెడితే రిఫ్లెక్టర్ పట్టేవాడు కూడా అక్కర్లేదు. తుపాను కాలంలో మాత్రం, ముఖ్యంగా జులై నుంచి అక్టోబరు దాకా, ప్రతి బుకింగ్‌కీ ఇంకో తేదీ కూడా రాయించుకో.

సముద్రం ఫొటోలతో తిండి దొరుకుతుంది. కానీ నన్ను ఇక్కడ ఉంచింది అవి కాదు. నాలుగో ఏట మా వీధి చివరి ఇంట్లో ఒక బామ్మగారికి 'కజిమాయా' చేశారు. వీళ్ల లెక్కలో 97వ ఏడు వస్తే మనిషి మళ్లీ పసిపాప అవుతుందని నమ్మకం. చాంద్రమానంలో తొమ్మిదో నెల 7వ తేదీన చేస్తారు. మన షష్టిపూర్తి, సహస్ర చంద్ర దర్శనం గుర్తొచ్చి, ఫొటోలు తీస్తానని నేనే వెళ్లి అడిగాను. ఆమెని టాప్ లేని కారులో కూర్చోబెట్టి, చేతికి రంగురంగుల కాగితం గాలిమర ఇచ్చి ఊరంతా తిప్పారు. ఆ ఆయుష్షులో తమకీ కాస్త అంటాలని దారిపొడవునా జనం ఆమె చెయ్యి తాకుతున్నారు. గాలికి గాలిమర గిర్రున తిరుగుతుంటే రంగులన్నీ కలిసిపోతున్నాయి. నేను కెమెరా ఎత్తగానే ఆమె బొటనవేలితో రెక్కని ఆపి పట్టుకున్నారు, ఫొటోలో బాగా పడాలని. గోరు అరిగిపోయిన ఆ వేలు, దాని కింద ఎర్ర కాగితం. ఆ ప్రింటు ఇప్పటికీ వాళ్ల హాల్లో ఉంది. ఆ తర్వాత ఆ పేటలో ఏ ఇంట్లో శుభకార్యం జరిగినా నన్నే పిలిచారు.

అడగకుండా తీసిన తప్పు కూడా చెప్తాను. ఏప్రిల్‌లో 'షీమీ' అని కుటుంబాలు తమ పెద్దల సమాధుల దగ్గర చేరి, నైవేద్యం పెట్టి, అక్కడే కూర్చుని తింటాయి. తాబేలు వీపులాంటి పెద్ద సమాధులు, వాటి ముందు పిల్లలు, టిఫిన్ డబ్బాలు. దూరం నుంచి జూమ్ పెట్టి తీశాను. ఒక పెద్దాయన నడుచుకుంటూ వచ్చి ఏమీ అనకుండా నా ఎదుట నిలబడ్డారు. ఫొటోలు ఒక్కొక్కటిగా చెరిపి, కెమెరా బ్యాగులో పెట్టేదాకా అక్కడే ఉన్నారు. తర్వాత తలవంచి వెళ్లిపోయారు. కోప్పడి ఉంటే అంత బాధపడేవాడిని కాను. నువ్వు దిగేదీ ఏప్రిల్‌లోనే, అందుకే రాస్తున్నాను. 'ఉతాకి' అనే దేవతా వనాల్లో కూడా అంతే, రాళ్ల మధ్యకి అడుగుపెట్టకు. పిల్లల ముఖాలు తల్లిదండ్రులని అడగకుండా ఎక్కడా పెట్టకు.

నాహాలోని ఓమొరోమాచి పేటలో 2007లో తెరిచిన జిల్లా మ్యూజియం, ఆర్ట్ మ్యూజియం ఉంది. అప్పుడప్పుడూ వెళ్తూ ఉండు. ఇక్కడ పుట్టి పెరిగిన ఫొటోగ్రాఫర్ ఇషికావా మావో, 1969లో మొదటిసారి వచ్చి చివరికి నాహాలోనే 2012లో కన్నుమూసిన తోమాత్సు షోమెయ్, వీళ్లు తీసిన ఫొటోలు ఎక్కడ కనిపించినా ఆగి చూడు. నాకు అందరికంటే ఇష్టం హిగా యాసువో. ఆయన పోలీసు ఉద్యోగం వదిలేసి కెమెరా పట్టారు. కుదాకా అనే చిన్న దీవిలో ఆడవాళ్లే పూజారులు. 12 ఏళ్లకోసారి వాళ్లు చేసే 'ఇజాయిహో' అనే క్రతువు 1978లో జరిగింది, 1990లో అందుకు తగిన స్త్రీలు లేక ఆగిపోయింది. ఆ దీవికి మళ్లీ మళ్లీ వెళ్లి, వాళ్లు తమవాడనుకునేదాకా ఉండి తీసిన ఫొటోలు ఆయనవి.

ఉరుమా నుంచి ఇంకొక జవాబు

అన్నయ్యగారు పని గురించి రాశారు, నేను కాగితాల గురించి రాస్తాను. మీరు శ్రీమతి మీద ఆధారపడే వీసాలో వస్తారు కదా. ఆ వీసాతో నేరుగా సంపాదించకూడదు. ఇమిగ్రేషన్ ఆఫీసులో అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల దాకా పనిచేయొచ్చు. అయితే ఆ మామూలు అనుమతి గంటల లెక్క తేలే ఉద్యోగాలకి పనికొస్తుంది. సొంతంగా బుకింగ్‌లు తీసుకోవాలంటే విడిగా అడగాల్సి రావచ్చు. నాహాలో ఇమిగ్రేషన్ శాఖ ఉంది. మొదటి రూపాయి పుచ్చుకోకముందే వెళ్లి అడగండి. 'స్నేహితుడి పెళ్లే కదా' అని తీసి డబ్బు తీసుకుంటే, ఆ ఇబ్బంది మీ శ్రీమతి దాకా వస్తుంది. ఇల్లు దొరికిన 14 రోజుల్లో గ్రామ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇండియాలోనే తీసుకుని రండి, ఏడాది పనికొస్తుంది. నాహాలో మోనోరైలు తప్ప దీవిలో రైళ్లు లేవు, ఒన్నాలో కారు లేకపోతే కదల్లేరు. బండ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. అమెరికా పాలన నాటి అలవాటుగా 1978 జులై 30 దాకా కుడివైపు నడిచేవట.

తిండికి బెంగ పడకండి. కాకరకాయ వీళ్లకి ప్రాణం, 'గోయా' అంటారు. బీరకాయ జాతి కాయని 'నాబేరా' అని వండుకుంటారు. పచ్చి బొప్పాయి కూర చేస్తారు. పసుపు పండిస్తారు. 'మొఆయి' అని స్నేహితులు నెలనెలా డబ్బు వేసుకుని వంతులవారీగా తీసుకుంటారు, అచ్చం మన చిట్టీయే. అందులోకి ఎవరైనా మిమ్మల్ని రమ్మన్నారంటే ఊళ్లో మనిషిగా చూస్తున్నారని అర్థం.

ప్రశ్న అడిగినవారి నుంచి

అన్నయ్యగారికీ అక్కయ్యకీ చాలా థాంక్స్. డ్రోన్ అమ్మకానికి పెట్టేశాను. అనుమతి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలా? భాష రాకుండా జనాన్ని ఎలా అడగాలి?

నాహా నుంచి

కూర్చోవద్దు తమ్ముడూ. డబ్బు ముట్టుకోకుండా నేర్చుకో. పితృదేవతలని తలుచుకునే ఒబోన్ పండుగకి ముందు వేసవి సాయంత్రాల్లో చాలా పేటల్లో కుర్రాళ్లు 'ఎయిసా' డప్పు నృత్యం సాధన చేస్తారు. కమ్యూనిటీ హాలు ముందు ఖాళీ స్థలంలో ఆ డప్పుల చప్పుడు వినిపిస్తుంది. మొదటి రోజు కెమెరా లేకుండా వెళ్లు. 'హైసాయ్' అని పలకరించు, అది ఇక్కడి మగవాళ్ల పలకరింపు. ఆడవాళ్లయితే 'హైతాయ్' అంటారు, మీ ఆవిడకి చెప్పు. రెండో రోజు కెమెరా మెడలో వేసుకెళ్లి, దాన్ని చూపించి 'షాషిన్, ఈదెస్‌కా?' అని అడుగు. ఫొటో తీయొచ్చా అని. తల అడ్డంగా ఊపితే నవ్వుతూ కెమెరా దించెయ్. తీసినవాటిలో బాగున్నవి కాగితం మీద ప్రింటు వేయించి, మూడో వారం వాళ్ల చేతికే ఇవ్వు. ఫోన్లో పంపడం వేరు, చేతికివ్వడం వేరు. నా జపనీస్ సగం అలా ప్రింట్లు పంచుతూ వచ్చిందే.

ఏ ఫ్లైటో, ఎన్నింటికి దిగుతారో రాయి. మా ఇంట్లో పాత బోషిత్సుకో ఒకటి ఖాళీగా ఉంది, కారులో వేసుకొస్తాను.