ఇంట్లో బోర్బన్ బిస్కెట్లు: క్రీము కారిపోతోంది, తెల్లారేసరికి మెత్తబడుతున్నాయి

బెజవాడ_వంటిల్లు:
మా చిన్నాడికి బోర్బన్ బిస్కెట్ అంటే ప్రాణం. రెండు బిళ్లలూ విడదీసి క్రీము నాకేసి, బిళ్లలు నా చేతిలో పెడతాడు. పోయిన ఆదివారం వాడి పుట్టినరోజుకి ఇంట్లోనే చేద్దామని కూర్చున్నాను.

మైదా 150 గ్రాములు, కోకో పౌడర్ 25, ఇంట్లో చిలికిన వెన్న 120, పంచదార పొడి 100, పాలు మూడు చెంచాలు, బేకింగ్ పౌడర్ అర చెంచా. అప్పడాల కర్రతో ఒత్తి, పిల్లాడి స్కేలు పెట్టి పొడుగ్గా కోసి, ఓటీజీలో 180 దగ్గర పెట్టాను. ఎనిమిది నిమిషాలకి అద్దంలోంచి చూస్తే అన్నీ కలిసిపోయి ఒకటే అట్ట! మా అత్తగారు చూసి "దిబ్బరొట్టె వేశావేంటే" అన్నారు. వేడి మీదే చాకుతో కోసి బిళ్లలు చేశాను.

క్రీముకి అదే వెన్న 50 గ్రాములు, పంచదార పొడి 100, కోకో ఒక చెంచా. గట్టిగా ఉందనిపించి రెండు చెంచాల పాలు పోశాను. బిళ్లల మధ్య పెట్టిన పావుగంటకి పక్కల నుంచి కారడం మొదలెట్టింది. మిగిలినవి డబ్బాలో పెడితే తెల్లారేసరికి టీలో ముంచి తీసినట్టున్నాయి.

ఎక్కడ తప్పు చేశాను? ఓవెన్ మార్చమని మాత్రం చెప్పకండి, దాని ఈఎంఐ మొన్ననే తీరింది.

గోదారి_బేకర్:
ఓవెన్ తప్పు కాదమ్మా, నీళ్ల తప్పు. రాజమండ్రిలో ఆరేళ్లుగా ఇంట్లోనే బిస్కెట్లు చేసి అమ్ముతున్నాను, మొదటి ఏడాదంతా నాదీ ఇదే ఏడుపు.

ఇంటి వెన్నలో మజ్జిగ నీళ్లు ఎంతో కొంత ఉండిపోతాయి. ఎంతన్నది రోజుకో లెక్క. కొనే బటర్‌లో కొవ్వు కనీసం 80 శాతం ఉంటుంది కాబట్టి కొలత నిలకడగా వస్తుంది. ఉప్పు లేనిది తీసుకోండి. పైగా మీరు పిండికి వెన్న, పంచదార రెండూ ఎక్కువ వేశారు. వేడికి ముందు అవే కరుగుతాయి, మైదా గట్టిపడేలోపే బిళ్ల పరుచుకుపోతుంది. బేకింగ్ పౌడర్ ఇంకాస్త ఎగదోస్తుంది.

నా కొలత: మైదా 150, కోకో 25, బటర్ 75, పంచదార పొడి 70. పాలు ఒక చెంచాతో మొదలుపెట్టి, ముద్ద కలవకపోతేనే ఇంకొంచెం. బేకింగ్ పౌడర్ అసలు వద్దు. రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి 4 మిల్లీమీటర్ల మందాన ఒత్తి, కోసి, ఫోర్కుతో గుచ్చి, పైన కాస్త పంచదార చల్లి, ట్రేతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. తర్వాత 170లో 12 నుంచి 14 నిమిషాలు. ముందు ఒక్క బిళ్ల కాల్చి చూసుకోండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను, అందులో నామోషీ ఏముంది.

ఇక క్రీము. పాలు చుక్క కూడా పోయకూడదు. క్రీములో తడి ఉంటే రాత్రంతా బిళ్ల దాన్ని పీల్చుకుంటుంది, మీకు తెల్లారి జరిగింది అదే. గట్టిగా ఉంటే పాలు కాదు, ఇంకో అయిదు నిమిషాలు గిలకొట్టడం. కారడం సంగతి వేరు. బటర్ 32, 35 డిగ్రీలకే కరిగిపోతుంది, మన ఎండలకి వంటింట్లో అంత వేడి మామూలే. అందుకే వేసవిలో సగం బటర్, సగం డాల్డా వేస్తాను. బిళ్లలు పూర్తిగా చల్లారాకే క్రీము పెట్టండి.

కందిపొడి_99:
డాల్డా మాట వింటేనే నాకు నాలిక మీద మైనం పూసినట్టు ఉంటుంది. అమ్మకానికైతే సరే, ఇంట్లో పిల్లలకి ఎందుకు? బిళ్లలు విడిగా డబ్బాలో, క్రీము ఫ్రిజ్‌లో ఉంచండి. తినేముందు రాసివ్వండి. కారదు, మెత్తబడదు.

ఇంతకీ ఆ దిబ్బరొట్టె ఏమైంది?

లండన్_గుంటూరోడు:
ఈ బిస్కెట్ పుట్టిన ఊళ్లోనే ఉంటున్నానండీ. 1910లో ఇక్కడి బెర్మండ్సీలో పీక్ ఫ్రీన్ కంపెనీ మొదలుపెట్టింది, అప్పట్లో పేరు క్రియోలా. మీద ఉండే చిల్లులు సోకు కోసం కాదు, ఆవిరి పోయి బిళ్ల ఉబ్బకుండా ఉండటానికి. కాబట్టి ఫోర్కుతో గుచ్చడం మానకండి.

ఇక్కడ ఇంట్లో 20 డిగ్రీలు, ఒట్టి బటర్ క్రీము చక్కగా నిలబడుతుంది. అదే కొలతతో మే నెలలో గుంటూరు వచ్చి చేస్తే, అమ్మ ముందు నా పరువు క్రీముతో పాటే కారిపోయింది.

బెజవాడ_వంటిల్లు:
అట్టని పొడి చేసి ఐస్‌క్రీమ్ మీద చల్లాను, అతిథులు రెసిపీ అడిగారు :)

నిన్న గోదారి అక్క కొలతతో మళ్లీ చేశాను. కోసిన గీత కోసినట్టే ఉంది! డాల్డా వేయలేదు, క్రీము విడిగానే ఉంచాను. ఈ పొద్దున కొరికితే టక్కుమంది. కాకపోతే ట్రేలో వెనక వరుస నాలుగు మాడాయి, ముందువి సరిగ్గా ఉన్నాయి. మధ్యలో ట్రే తిప్పాలా?

గోదారి_బేకర్:
ఎనిమిదో నిమిషంలో తిప్పండి. తలుపు ఎక్కువసేపు తెరిచి ఉంచకండి.