‘మిస్ ద బోట్’: చేజారిందా, చేజార్చుకున్నారా?

ప్రశ్న: ఇంగ్లిష్ జాతీయాలు ‘మిస్ ద బోట్’ (పడవ అందుకోలేకపోవడం), ‘దట్ షిప్ హ్యాజ్ సెయిల్డ్’ (ఆ ఓడ వెళ్లిపోయింది) రెండింటినీ తెలుగులోకి అనువదిస్తూ ‘అవకాశం చేజారింది’ అని రాస్తే సరిపోతుందా అండీ?

జవాబు: సరిపోదండీ. మొదటిదానికి కర్త మనిషి. ఆలస్యం అతనిది, కాబట్టి ‘చేజార్చుకున్నాడు’. ఆ మాట చివరి ‘-కున్నాడు’లో ఉన్న ‘కొను’లోనే బాధ్యత అంతా ఉంది. రెండోదానికి కర్త ఓడ. తప్పెవరిదో ఆ మాట చెప్పదు, ఇక దారి లేదని మాత్రమే చెబుతుంది. దానికి ‘చేజారింది’ చాలు. సంభాషణలో అయితే ‘ఇంకెక్కడిదండీ, పుణ్యకాలం కాస్తా గడిచిపోయింది’ అంటే ప్రాణం వస్తుంది. గ్రహణానికో సంక్రమణానికో స్నానదానాలకు ఒక వేళ ఉంటుంది, అది దాటాక చేస్తే ఆ ఫలం రాదు. ఓడ మాటలో ఉన్నదీ ఆ తిరిగిరానితనమే.

‘చేజేతులా పోగొట్టుకున్నాడు’ మాత్రం తొందరపడి రాయకండి. మూలంలో ఉన్నదానికన్నా నింద బాగా ఎక్కువైపోతుంది.

మరో సభ్యురాలు: ‘చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు’ కుదరదా?

జవాబు: కుదరదమ్మా. అది నష్టం జరిగాక చేసే ఉపాయం. ఇక్కడ కాలిందేమీ లేదు, అందాల్సింది అందలేదంతే. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకో’, ‘గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకో’ ముందుగా చేసే హెచ్చరికలు. ‘డోంట్ మిస్ ద బోట్’ అన్నచోట చక్కగా నప్పుతాయి, జరిగిపోయినదానికి నప్పవు.

ఇంకొకరు: మన ఇంగ్లిష్ పత్రికల్లో ‘మిస్డ్ ద బస్’ అని కూడా రాస్తారు కదా. అర్థం అదే. 1940 ఏప్రిల్ 4న బ్రిటన్ ప్రధాని చేంబర్లిన్ హిట్లర్ గురించి ‘మిస్డ్ ద బస్’ అన్నారు, అంటే దాడికి అనువైన అవకాశం చేజార్చుకున్నాడని. 9వ తేదీనే జర్మనీ డెన్మార్క్, నార్వేల మీద దండెత్తింది. మే 7న పార్లమెంటులో సభ్యులు అదే మాటను ఆయన మీదే విసిరారు. మే 10న ఆయన పదవి వదిలారు. ‘చేజార్చుకున్నావు’ అనే నింద అందులో ఉంది కాబట్టే అంత గట్టిగా తగిలింది. ఒక జాగ్రత్త: ‘ద’ మార్చకూడదు. ‘మిస్డ్ హిజ్ బస్’ అంటే అతను ఎక్కాల్సిన బస్సే వెళ్లిపోయిందని.

మొదటి జవాబు రాసినవారు: అమెరికా రచనల్లో ఇంకో అర్థం కూడా తగులుతుందండీ. సమీక్షకుడు ‘మిస్డ్ ద బోట్’ అంటే అవకాశం పోగొట్టుకున్నాడని కాకపోవచ్చు, అసలు సంగతి పట్టుకోలేకపోయాడని కావచ్చు. అనువదించే ముందు చుట్టూ ఉన్న రెండు మూడు వాక్యాలు చదివి తేల్చుకోండి.