నమచొకొ ‘నమజొకొ’ ఎందుకు కాలేదు?

జపనీస్‌లో చాక్లెట్ల పేర్లు నేర్చుకుంటున్న మిత్రులొకరు, ‘నమ’ మీద మిఠాయి అనే అర్థం గల ‘కషి’ చేరితే ‘నమగషి’ అవుతున్నప్పుడు, చాక్లెట్‌కు పొట్టిపేరైన ‘చొకొ’ చేరితే ‘నమజొకొ’ ఎందుకు కాదని అడిగారు. గసడదవాదేశం (సమాసంలో రెండో పదం మొదటి క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లుగా మారడం) చదువుకున్నవారికి సహజంగా తోచే ప్రశ్నే ఇది.

ముందుగా అర్థం చూద్దాం. ‘నమ’ అంటే పచ్చి అని నిఘంటువు చెప్పినా, నమచొకొ పచ్చి గింజలతో చేసినది కాదు; మీగడ కలిపిన మెత్తని చాక్లెట్. అక్కడి పరిశ్రమ నియమాల ప్రకారం ఆ పేరు పెట్టుకోవాలంటే చాక్లెట్ కనీసం 60 శాతం, మీగడ కనీసం 10 శాతం ఉండాలి. వేయించని కకావో గింజలతో చేసినదానికి ‘రో చొకొరేతొ’ అని వేరే పేరుంది.

ఇక సంధి సంగతి. సమాసంలో ఉత్తరపదం మొదటి పరుషం సరళమవడాన్ని జపనీస్‌లో ‘రెందకు’ అంటారు. మన గసడదవల లాగే అదీ బహుళమే (ఒకచోట వస్తుంది, ఒకచోట రాదు) కాని, కొత్తగా వచ్చిన విదేశీ పదాల జోలికి సాధారణంగా పోదు. అందుకే పలకలా ఉండే ఇతచొకొలోనూ, ప్రేమికుల రోజున ఆఫీసులో మొహమాటానికి పంచే గిరిచొకొలోనూ, స్నేహితురాళ్ళు ఇచ్చిపుచ్చుకునే తొమొచొకొలోనూ చకారం చెక్కుచెదరలేదు. మనమూ ‘టీకాఫీలు’ అంటాం గాని ‘టీగాఫీలు’ అనం. తెలుగు పదాల మీది సంస్కృత పరుషాలకు గసడదవలు రావని బాలవ్యాకరణం కూడా చెబుతుంది.

అయితే కషి కూడా చైనా నుండి వచ్చినదే. పోర్చుగీసు నుండి వచ్చిన ‘కరుత’ అనే పేకముక్కల పేరు సైతం ‘ఇరొహగరుత’లో గకారం తెచ్చుకుంది. అంటే పరాయి పదం ఎంతకాలానికి ఇంటిదైపోయిందన్నదే అసలు విషయం. 1878లో టోక్యోలోని ఒక మిఠాయి దుకాణం చాక్లెట్ పేరును చైనా లిపిలో ప్రకటించినా, నేటికీ ఆ పదాన్ని విదేశీ పదాలకు వాడే కతకన లిపిలోనే రాస్తున్నారు. చెవికీ అది పరాయిదిగానే ఉన్నట్టుంది.

పోలికను ఇంతకు మించి సాగదీయకూడదు. మనకు ద్వంద్వంలో గసడదవలు వస్తాయి: తల్లిదండ్రులు, కూరగాయలు. జపనీస్‌లో సరిగ్గా అక్కడే రెందకు ఆగిపోతుంది: ‘యమకవ’ అంటే కొండలూ నదులూ, ‘యమగవ’ అంటే కొండల్లో పారే నది.