పాత ఇంజన్‌లో థర్మోస్టాట్ పీకేయొచ్చా?

ఎర్రకారు:
కారుకి ముప్పై ఏళ్లు దాటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి చూపే సూది ఎర్రగీత దాకా పోతోంది. థర్మోస్టాట్ పీకేస్తే సరిపోతుందంటున్నాడు మెకానిక్. ఏం చెయ్యమంటారు?

నట్టుబోల్టు:
తీయించకండి. ఇంజన్‌లోని వేడినీళ్లని చల్లబడడానికి రేడియేటర్‌కి వదిలే వాల్వు అది. దాని లోపల మైనం ఉంటుంది. చాలా ఇంజన్లలో 82–88 డిగ్రీల దగ్గర అది కరిగి ఉబ్బి వాల్వుని తెరుస్తుంది. తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికే చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాట్ తెరుచుకుంటూ బైపాస్ దారిని, అంటే నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఇంజన్‌లోకే తిరిగే అడ్డదారిని, మూస్తుంది. అలాంటి వాటిలో తీసేశారంటే వేడినీళ్లు కొన్ని రేడియేటర్‌కి పోకుండానే వెనక్కి తిరుగుతాయి. వేడి ఇంకా పెరుగుతుంది!

ఆయిల్‌మరకలు:
ఇవన్నీ పుస్తకంలో మాటలండీ. నా బండిలో అది మూసుకుని ఇరుక్కుపోయింది. అర్ధరాత్రి, వెనక సీట్లో పిల్లలు. వేడికి ఇంజన్ పైభాగం, అదే హెడ్, వంకరపోయింది. తీసేసి ఆరేళ్లయింది, ఒక్కసారి ఆగలేదు.

నట్టుబోల్టు:
అంతకుముందు ఎప్పుడైనా మార్చారా? గిన్నెలో నీళ్లు పోసి, థర్మోస్టాట్‌కి దారం కట్టి వేలాడదీసి, థర్మామీటర్ పెట్టి మరిగిస్తే ఎక్కడ తెరుచుకుంటుందో కళ్లకే కనబడుతుంది.

చలువనీళ్లు:
రేడియేటర్ మూత కూడా చూడండి. స్ప్రింగు చచ్చిపోతే ఒత్తిడి నిలవదు, నీళ్లు తొందరగా మరుగుతాయి. వేడి మీద మాత్రం తీయకండి.

నట్టుబోల్టు:
@ఆయిల్‌మరకలు, రేడియేటర్‌లో పోసేది తుప్పు పట్టనివ్వని కూలెంటా, కుళాయి నీళ్లా?

ఆయిల్‌మరకలు:
కుళాయి నీళ్లే. వేడిని లాగడంలో నీళ్లని మించింది లేదు.

నట్టుబోల్టు:
అది నిజమే. తుప్పు సంగతో? సున్నం సంగతో? ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్ ఉంటే ఉత్త నీళ్లు హెడ్‌ని తినేస్తాయి. మీలాంటి వాళ్ల వల్లే పాత కార్లు తుక్కుకి పోతున్నాయి.

ఆయిల్‌మరకలు:
నోరు అదుపులో పెట్టుకోండి. మీ కారు కవరు కింద ఉండి ఆదివారం బయటికొస్తుందేమో. నాది రోజూ పనికెళ్లాలి. ఇంజన్ అరిగితే అరగనీ, దారిలో ఆగకూడదు. నాకు కావాల్సింది అంతే.

నట్టుబోల్టు:
మాట తూలాను, క్షమించండి. నాది నాన్న నడిపిన కారు. ఆ ఇంజన్ పోతే ఇంకోటి తేలేను, అందుకే అరుగుదలంటే నాకు అంత భయం. మీ భయం వేరు. అతిగా వేడెక్కితే తెరుచుకుని అలాగే ఉండిపోయే రకం థర్మోస్టాట్లున్నాయి, అదైనా చూడండి.

ఎర్రకారు:
ఇంజన్ ఆపి, ఫ్యాన్ నిలిచాక రేడియేటర్‌ని తాకి చూశా. అంచులు కాలుతున్నాయి, నడిమధ్య చల్లగా ఉంది.

చలువనీళ్లు:
నడుమ గొట్టాలు పూడుకుపోయినట్టున్నాయి. ముందు అది శుభ్రం చేయించండి.

ఆయిల్‌మరకలు:
అవును, రేడియేటర్ చేయించండి. థర్మోస్టాట్ మీ ఇష్టం. నేను మాత్రం మళ్లీ పెట్టించను.